రాక్ క్లైంబింగ్‌తో మోచేతి నొప్పి: ఇంజెక్షన్ వేయించుకోవాలా, ఎక్కడం మానేయాలా?

గుట్టలదారి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వయసు ముప్ఫై నాలుగు. ఏడాదికి పైగా వారంలో మూడు సాయంత్రాలు ఇండోర్ వాల్ మీద బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా తక్కువ ఎత్తు గోడలు ఎక్కడం, చేస్తున్నాను. చలికాలంలో మాత్రం ఆదివారాలు ఖాజాగూడ గుట్టలకు వెళ్తుంటాను. ఈసారి వానలకు బండలు ఆరకపోవడంతో పూర్తిగా వాల్‌కే పరిమితమయ్యాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మా వాల్‌లో బాగా ముందుకు వంగిన ఓవర్‌హ్యాంగ్ భాగం కొత్తగా కట్టారు. దాని మీద మోజుతో మిగతా గోడలన్నీ వదిలేసి అక్కడే వేలాడాను. కొన్ని వారాలు గడిచేసరికి కుడి మోచేతి లోపలి వైపు, అంటే ఒంటిని ఆనుకుని ఉండే ఎముక బుడిపె దగ్గర, సలుపు మొదలైంది.

మొదట్లో ఎక్కడం పూర్తయ్యాక మాత్రమే సలిపేది. ఇప్పుడు తడి తువ్వాలు పిండినా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ను ఒంటిచేత్తో వంచినా పోటు వస్తోంది. బుడిపెకు కాస్త కింద వేలితో నొక్కితే ప్రాణం లేచి వస్తోంది. దీనితోపాటు కొన్ని ఉదయాలు నిద్ర లేచేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి ఉంటున్నాయి. చేయి విదిలిస్తే కాసేపటికి తగ్గిపోతోంది కనుక దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, డాక్టరు గారికి కూడా చెప్పలేదు.

ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, ఎముకకు ఏమీ కాలేదనీ ఇది మోచేతి లోపలి వైపు వచ్చే గోల్ఫర్స్ ఎల్బో అనీ చెప్పి, మాత్రలు రాసి మూడు వారాలు చేతికి పూర్తి విశ్రాంతి ఇమ్మన్నారు. ఆయన చెప్పినట్టే చేశాను, నొప్పి పూర్తిగా పోయింది. అయితే తిరిగి వాల్‌కు వెళ్లిన మొదటి సాయంత్రమే, ఇదివరకు తేలికగా ఎక్కేసిన రూట్ల మీదే, మళ్లీ అదే చోట అదే నొప్పి వచ్చింది. మళ్లీ చూపించుకుంటే, ఈసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే త్వరగా తగ్గుతుందని అన్నారు. డిసెంబరు చివరి వారంలో మిత్రులతో కలిసి హంపి వెళ్లాలని ముందే అనుకున్నాం. ఇప్పుడు సెప్టెంబరు చివరికి వచ్చాం.

ఇంజెక్షన్ వేయించుకోవడం మంచిదేనా? విశ్రాంతితో పోయిన నొప్పి ఒక్క సాయంత్రంలో ఎందుకు తిరిగి వచ్చింది? ఎక్కడం పూర్తిగా మానేయాలా? మందుల షాపుల్లో అమ్మే ఎల్బో బెల్టు పనికివస్తుందా? ఇటువంటి నొప్పిని దాటి వచ్చినవారు, వైద్యరంగంలో ఉన్నవారు చెబితే కృతజ్ఞుడిని.


ముంజేయి_ఫిజియో

గుట్టలదారి గారూ, నేను ఫిజియోథెరపిస్టును. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడేవారే అయినా, ఈ మధ్య క్లైంబర్లు కూడా తరచుగా వస్తున్నారు. చేయి పట్టి చూడకుండా నిర్ధారణ చేయడం కుదరదు కాబట్టి నేను రాసేది మీ డాక్టరు గారితో మాట్లాడడానికి ఉపయోగపడితే చాలు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనిపిస్తున్నదేమిటంటే, మీ మోచేతిలో ఒకటి కాదు, రెండు సమస్యలు పక్కపక్కనే ఉండవచ్చు. ఒకటి టెండన్‌ది, అంటే కండరాన్ని ఎముకకు అతికించే పట్టీది, రెండోది నరానిది. మీరు పట్టించుకోకుండా వదిలేసిన ఆ తిమ్మిరి విషయాన్నే డాక్టరు గారికి ముందుగా చెప్పాలి.

మొదట టెండన్ సంగతి. మోచేతి లోపలి బుడిపె నుంచి ఐదు కండరాలు ఒకే ఉమ్మడి టెండన్‌గా మొదలై ముంజేతిలోకి దిగుతాయి. మణికట్టును లోపలికి వంచేవి, వేళ్లను ముడిచేది, అరచేతిని కిందికి తిప్పేది అన్నీ అక్కడే పుడతాయి. క్లైంబింగ్‌లో చిన్న హోల్డును, అంటే చేతికి పట్టు దొరికే అంచును, వేళ్లతో పట్టి ఒంటిని పైకి లాగే ప్రతిసారీ ఈ ఉమ్మడి మొదలు మీద బరువు పడుతుంది. దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. గోడ మీద మన అరచేయి ఎప్పుడూ గోడవైపే తిరిగి ఉంటుంది, కానీ మనల్ని పైకి లాగే దండచేతి ముందరి కండరం, బైసెప్స్, చేతిని వంచడంతోపాటు అరచేతిని మన ముఖంవైపు తిప్పాలని కూడా చూస్తుంది. ఆ తిప్పుడును ఆపి అరచేతిని గోడకే అంటిపెట్టే పని లోపలి బుడిపె దగ్గర పుట్టిన చిన్న కండరానిది. నిటారు గోడ మీద కాళ్లు సాయపడతాయి కాబట్టి అది నెగ్గుకొస్తుంది. ఓవర్‌హ్యాంగ్ మీద బరువంతా చేతుల్లోకి వచ్చినప్పుడు మాత్రం ముందుగా అలిసేది ఆ చోటే.

ఇక విశ్రాంతి ఎందుకు నిలవలేదన్న ప్రశ్న. నెలల తరబడి సాగే ఇటువంటి నొప్పిలో టెండన్ దగ్గర ప్రధానంగా ఉండేది వాపు కాదు. లోపలి పోగుల అమరిక చెదిరి, బరువును మోసే శక్తి తగ్గి ఉంటుంది. విశ్రాంతితో నొప్పి అణుగుతుంది కానీ ఆ శక్తి తిరిగి రాదు, పైగా వాడకం లేక ఇంకాస్త తగ్గుతుంది. మీరు మూడు వారాల తరువాత వెళ్లినప్పుడు నొప్పి లేదు కనుక పాత రూట్లనే పట్టుకున్నారు. మీ టెండన్ మాత్రం మూడు వారాల క్రితం కన్నా బలహీనంగా ఉంది. టెండన్‌ను మళ్లీ గట్టిపరిచేది దానికి తట్టుకోగలిగినంత బరువును క్రమంగా ఇవ్వడమే. అది కండరంలాగా రెండు మూడు వారాల్లో స్పందించదు. సామాన్యంగా మూడు నెలల లెక్క పెట్టుకోవాలి, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి కొన్ని వారాలు అది అద్భుతంగా పనిచేస్తుంది, ఆ తరువాతే చిక్కు. మోచేతి బయటి వైపు నొప్పి, అంటే టెన్నిస్ ఎల్బో ఉన్న 165 మందిపై ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. ఏడాది గడిచేసరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 96 శాతం మంది పూర్తిగా కోలుకోవడమో, చాలావరకు మెరుగుపడడమో జరిగితే, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో అది 83 శాతమే. నొప్పి తిరగబెట్టినవారు మొదటి గుంపులో 12 శాతం, స్టెరాయిడ్ గుంపులో 54 శాతం. ఇవి బయటి వైపు నొప్పికి సంబంధించిన అంకెలు, మీది లోపలి వైపు. అయినా రెండు చోట్లా కణజాలం తీరు ఒకటే కాబట్టి, డిసెంబరులో హంపి వెళ్లాలని ఇప్పుడు ఇంజెక్షన్ వేయించుకుని, నొప్పి తెలియని చేత్తో ఓవర్‌హ్యాంగ్ మీద వేలాడాలనుకునే క్లైంబరుకు నేనైతే దాన్ని సిఫారసు చేయను. నొప్పితో రాత్రుళ్లు నిద్ర పట్టనివారి విషయం వేరు. అలాగే, లోపలి బుడిపె వెనుక నుంచే నరం వెళ్తుంది కనుక అక్కడ సూది దింపాలంటే మరింత జాగ్రత్త కావాలి.

ఇంట్లో చేయగలిగినది చెబుతాను. మొదటి పది పదిహేను రోజులు కదలిక లేని వ్యాయామంతో మొదలుపెట్టండి. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి ఉంచి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండేలా కూర్చుని, ఒక డంబెల్‌ను మణికట్టు వంగకుండా, జారకుండా ముప్పై నుంచి నలభై ఐదు సెకండ్ల పాటు అలాగే పట్టి ఉంచాలి. ఒక నిమిషమో రెండు నిమిషాలో ఆగి మళ్లీ చేయాలి, మొత్తం నాలుగైదు సార్లు. చాలామందికి ఇది చేసిన కాసేపటికే సలుపు తగ్గినట్టు అనిపిస్తుంది. అది కుదురుకున్నాక అదే భంగిమలో ఎడమ చేతి సాయంతో డంబెల్‌ను పైకి తెచ్చి, కుడి మణికట్టుతో మాత్రమే మూడు నాలుగు సెకండ్లు తీసుకుంటూ నెమ్మదిగా కిందికి దించాలి. పదిహేనేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు కిలోలతో మొదలుపెట్టి, తేలికయ్యాక అర కిలో, కిలో చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

రెండో వ్యాయామానికి ఇంట్లో ఉన్న సుత్తి చాలు. ముంజేతిని బల్ల మీద ఆనించి, సుత్తి పిడిని చివర పట్టుకుని, తల పైకి ఉండేలా నిటారుగా నిలపండి. అక్కడి నుంచి అరచేయి ఆకాశాన్ని చూసేదాకా సుత్తిని బయటి వైపుకు నెమ్మదిగా వాలనివ్వాలి. దాన్ని పడిపోకుండా పట్టి ఉంచుతున్నప్పుడు మోచేయి లోపలి వైపు కండరం బిగుసుకోవడం మీకే తెలుస్తుంది. పైకి తేవడానికి రెండో చేతిని వాడండి. బరువు ఎక్కువ అనిపిస్తే పిడిని తలకు దగ్గరగా పట్టుకోండి, తక్కువ అనిపిస్తే చివరకు జరపండి. నేను చూసిన క్లైంబర్లకు మణికట్టు వ్యాయామం కన్నా ఈ సుత్తే ఎక్కువ ఉపయోగపడింది.

నొప్పి ఎంతవరకు ఫరవాలేదన్నది అందరూ అడుగుతారు. సున్నా నుంచి పది దాకా కొలత పెట్టుకుంటే, చేస్తున్నప్పుడు మూడు దాకా నొప్పి ఉన్నా భయం లేదు. అయితే మరుసటి రోజు ఉదయానికి అది మామూలు స్థాయికి రావాలి. రాకపోతే ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం, బరువు తగ్గించాలి తప్ప మానేయకూడదు. ఎక్కడానికి ముందు నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం వద్దు. ఈ కొలతను చదివే వీలే పోతుంది.

తిమ్మిరి సంగతికి వస్తే, చిటికెన వేలికీ ఉంగరపు వేలిలో చిటికెన వైపు సగానికీ స్పర్శనిచ్చే అల్నార్ నరం ఆ బుడిపె వెనుక ఉన్న సందులోంచే వెళ్తుంది. తలుపు అంచుకు మోచేయి తగిలినప్పుడు షాక్ కొట్టినట్టు జివ్వుమనేది అదే. మోచేయి బాగా ముడిచి పడుకుంటే ఆ సందులో నరం సాగి ఒత్తుకుంటుంది. రాత్రి మోచేతి చుట్టూ ఒక తువ్వాలు వదులుగా చుట్టుకుని, చేయి పూర్తిగా ముడుచుకోకుండా చూసుకోండి. కుర్చీ చేతి మీద మోచేయి ఆనించి పని చేసే అలవాటుంటే మార్చుకోండి. పగలు కూడా తిమ్మిరి ఉంటున్నా, పట్టు సడలుతున్నా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ పల్చబడుతున్నట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా నరాల పరీక్ష చేయించుకోవాలి. ఎల్బో బెల్టు కూడా ఇందుకే మీకు అంత మంచిది కాదు. టెండన్ నొప్పి మాత్రమే ఉన్నవారికి మోచేతికి రెండు వేళ్ల కింద కండ మీద కట్టుకుంటే పనివేళల్లో కొంత సుఖం ఇస్తుంది, నయం చేయదు. తిమ్మిరి ఉన్నచోట దాన్ని బిగిస్తే నరం మీద ఒత్తిడి పెరగవచ్చు.

ఒక చిన్న సంగతి అడగడం మరిచాను. ఈ మధ్య జ్వరానికో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో, విరేచనాలకో సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడారా? ఈ వర్గం మందులు టెండన్లను దెబ్బతీయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే పెట్టె కట్టి హెచ్చరిక ముద్రించమంది. మన దగ్గర ఆ మాత్రలు చీటీ లేకుండానే కొనేస్తుంటారు. మధుమేహం ఉన్నా టెండన్లు ఆలస్యంగా కోలుకుంటాయి, కనుక రక్తంలో చక్కెర కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.


వాలుబండ

ఫిజియో గారు చెప్పిన వైద్యం జోలికి నేను వెళ్లను. ఎక్కడం నేర్పేవాడిగా ఒక్క మాట చెప్పాలి: పూర్తిగా మానేయవద్దు, కానీ ఎక్కే చోటు మార్చండి. ఓవర్‌హ్యాంగ్ ఈ సీజన్‌కు వదిలేయండి. మన హైదరాబాదు గ్రానైటు మీద ఉన్న గొప్ప సౌకర్యం వాలు బండలే. స్లాబ్ మీద బరువు కాలి ముందరి భాగం మీద, బూటు రబ్బరు మీద నిలుస్తుంది. చేయి తూకం కోసం ఆనించడానికే తప్ప లాగడానికి పనికిరాదు, ఎందుకంటే లాగడానికి అక్కడ హోల్డే ఉండదు. వానలు వెనకబట్టగానే ఖాజాగూడలోనో, తాడు వేసేవారు తోడుంటే భువనగిరి ఏకశిల మీదనో స్లాబులు ఎక్కితే, మోచేతి మీద బరువు లేకుండా మీ క్లైంబింగ్ సాగుతుంది. పాదాల పని కూడా బాగుపడుతుంది. నిజానికి ఇండోర్ వాల్‌లో మొదలుపెట్టిన చాలామందికి లోటు అక్కడే ఉంటుంది.

వాల్ మీద మీ మోచేయి ఎలా కదులుతోందో ఒక మిత్రుణ్ణి వెనుక నుంచి వీడియో తీయమనండి. అలిసిపోతున్నకొద్దీ మోచేయి గోడకు దూరంగా, పక్కకు, పైకి లేస్తుంది. భుజం వెనుక కండరాలు చేయాల్సిన పనిని ముంజేయి నెత్తిన వేసుకుంటోందనడానికి అదే గుర్తు. మోచేయి లేచిన క్షణానే కిందికి దిగిపోవాలి, ఇంకో ప్రయత్నం అక్కరలేదు. హోల్డును అందుకున్నాక చేయి చాచి, భుజాన్ని కిందికి దించి, ఎముకల మీద వేలాడడం అలవాటు చేసుకోండి. చేయి సగం ముడిచి బిగబట్టి తరువాతి హోల్డు కోసం వెతికే లాక్ ఆఫ్ భంగిమ మోచేతికి అన్నిటికన్నా ఖరీదైనది. అందుకే కాలు ఎక్కడ పెట్టాలో చూసుకున్న తరువాతే చేయి ముడవాలి. వేళ్లు నిటారుగా ముడిచి బొటనవేలితో తాళం వేసే క్రింప్ పట్టును తగ్గించి, వేళ్లు చాచిన పట్టును వాడండి.

ఇంకొకటి, మీరు వారానికి మూడు సాయంత్రాలు అన్నారు. మిగిలిన నాలుగు రోజులు ఆ ముంజేయి ఏం చేస్తోందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజంతా మౌస్, పోతూ వస్తూ ట్రాఫిక్‌లో బండి యాక్సిలరేటర్ బిగించి పట్టడం, బ్రేకు లివరు నొక్కడం. హ్యాండిల్‌ను పిసికి పట్టుకుంటున్నారేమో రేపు ఒకసారి గమనించండి. మీ టెండన్‌కు ఆఫీసు పని, గోడ పని అన్న తేడా తెలియదు.

వారానికి రెండు సాయంత్రాలకు తగ్గించి, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం ఉంచండి. మీ పాత గ్రేడు కన్నా రెండు మూడు మెట్లు కింది రూట్లు మాత్రమే ఎక్కండి. వేళ్లతో వేలాడే హ్యాంగ్‌బోర్డు, కాళ్లు వాడకుండా చేతులతోనే ఎక్కే క్యాంపస్ బోర్డు పేరు కూడా ఎత్తవద్దు.


డెన్వర్‌తెలుగువాడు

నేను అమెరికాలో కొలరాడోలో ఉంటాను, ఇక్కడ క్లైంబింగ్ జిమ్ములు వీధికొకటి ఉన్నట్టే, మోచేతి నొప్పి ఉన్నవాళ్లూ వీధికొకరు ఉంటారు. నాకు ఇదే నొప్పి వచ్చినప్పుడు రోజూ పుషప్స్ చేయమన్నారు. క్లైంబర్లు అస్తమానం లాగుతూనే ఉంటారు, ఎదురు కండరాలు బలహీనమై తూకం తప్పడం వల్లనే ఈ నొప్పి వస్తుందని చెప్పారు. పుషప్స్, డిప్స్‌తో నాకు బాగానే తగ్గింది. గుట్టలదారి గారు ఆ సుత్తి గొడవ లేకుండా దీనితో మొదలుపెట్టవచ్చు కదా అని నా సలహా. మణికట్టును వెనక్కి వంచి సాగదీసే స్ట్రెచింగ్ కూడా రోజూ నాలుగైదు సార్లు చేసేవాణ్ణి.


చరణ్_వాళ్ల_అమ్మ

ఈ చర్చ నాకు అవసరమైన సమయంలో కనిపించింది. పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు భువనగిరి గుట్ట మీదే శిక్షణ పొందారని చదివినప్పటి నుంచి మా అబ్బాయికి ఈ పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు వాడికి పద్నాలుగేళ్లు. పోటీలకు సిద్ధమవుతూ వాల్‌కు వెళ్తున్నాడు. వారం రోజులుగా మోచేతి లోపలి వైపు నొప్పి అంటున్నాడు, చేయి పూర్తిగా చాచలేకపోతున్నాడు. ఫిజియో గారు చెప్పిన డంబెల్, సుత్తి వ్యాయామాలు వాడి చేత చేయించవచ్చా అమ్మా?


ముంజేయి_ఫిజియో

చరణ్ వాళ్ల అమ్మగారూ, మీకే ముందు జవాబు చెప్పాలి. చేయించవద్దు. బాబును ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి, అప్పటిదాకా వాల్‌కు పంపవద్దు. పెద్దవాళ్లలో టెండన్ దెబ్బతినే చోటే, ఎదిగే పిల్లల్లో ఆ ఎముక బుడిపె ఇంకా పూర్తిగా అతుక్కోని ఎదుగుదల పొర ఉంటుంది. టెండన్ కన్నా ఆ పొరే మెత్తన కనుక లాగుడుకు ముందు దెబ్బతినేది అదే. ఒక్కోసారి బుడిపె ముక్కగా ఊడి పక్కకు జరగవచ్చు కూడా. చేయి చాచలేకపోవడం ఏ వయసులోనైనా ఎక్స్‌రే తీయించవలసిన లక్షణమే. అవసరమైతే రెండో చేతికి కూడా తీసి పోల్చి చూస్తారు. అలాగే ఈ వయసు క్లైంబర్లలో మధ్యవేలి నడిమి కణుపు దగ్గర కూడా ఎదుగుదల పొర చిట్లడం తరచుగా చూస్తున్నారు. వేలి కణుపు పైభాగంలో నొప్పి ఉందేమో బాబును అడగండి. ఎదుగుదల పూర్తయ్యేదాకా హ్యాంగ్‌బోర్డు, క్యాంపస్ బోర్డు, బిగించిన క్రింప్ పట్టు వద్దని శిక్షకుడికి మీరే చెప్పాలి.

డెన్వర్ తెలుగువాడు గారూ, మీకు తగ్గినందుకు సంతోషం. పుషప్స్ భుజానికీ వీపుకూ మేలు చేస్తాయి, నేనూ చేయిస్తాను. అయితే అవి మోచేతి వెనుక కండరానికి, ఛాతీకి బరువునిస్తాయి తప్ప దెబ్బతిన్న టెండన్‌కు నేరుగా ఇవ్వవు. లోపలి బుడిపె దగ్గరి టెండన్ బలపడాలంటే ఆ టెండనే పని చేయాలి. డిప్స్‌లో, లోతుగా దిగే పుషప్‌లో మోచేయి బాగా ముడుచుకుంటుంది. చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్న ఈయనకు ఇప్పట్లో అవి సరిపడవు. గట్టిగా సాగదీయడం కూడా అంతే, నొప్పి రేగి ఉన్న దశలో టెండన్‌ను ఎముకకు అదిమినట్టవుతుంది. పుషప్స్ చేయాలనుకుంటే గోడకు చేతులు ఆనించి నిలబడి చేయవచ్చు.

మరో మాట. చదివేవారికి నొప్పి వేరే చోట ఉండవచ్చు. మోచేతి బయటి బుడిపె దగ్గరైతే అది మణికట్టును వెనక్కి ఎత్తే కండరాల టెండన్. దానికి అదే డంబెల్ వ్యాయామం అరచేయి నేలవైపు తిప్పి చేయాలి. మోచేతి ముందు మడతలో, లోతుగా సలుపుతుంటే బైసెప్స్ అడుగున ఉండే బ్రేకియాలిస్ కావచ్చు, లాక్ ఆఫ్‌లు ఎక్కువ చేసేవారికి వస్తుంది. ఎక్కుతుండగా ముందు మడతలో టప్పుమని చప్పుడై, నీలిగా కమిలి, అరచేతిని పైకి తిప్పే బలం పోతే మాత్రం బైసెప్స్ టెండన్ తెగి ఉండవచ్చు. దానికి వ్యాయామాలతో కాలయాపన చేయకూడదు. ఆపరేషన్ చేయవలసి వస్తే మొదటి రెండు మూడు వారాల్లోనే సులువు.


గుట్టలదారి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇక్కడ చదివాక డాక్టరు గారి దగ్గరకు మళ్లీ వెళ్లి తిమ్మిరి విషయం చెప్పాను. ఆయన మోచేయి పూర్తిగా ముడిపించి ఒక నిమిషం ఉంచితే చిటికెన వేలు జివ్వుమంది. నరాల వేగాన్ని కొలిచే పరీక్షకు పంపారు, ఫలితం మామూలుగానే వచ్చింది. నరం ఒత్తుకుంటోంది కానీ దెబ్బతినలేదనీ, రాత్రి చేయి చాచి పడుకుంటే చాలనీ, ఇంజెక్షన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదామనీ ఆయనే అన్నారు. చక్కెర మామూలుగానే ఉంది. సిప్రో మాత్రలు మాత్రం వేసవిలో ఒక కోర్సు వాడాను, అది ఆయనకు చెబితే ఇకపై ఆ వర్గం మందులు వాడవద్దని రాసిచ్చారు.

రాత్రి తువ్వాలు చుట్టుకోవడం మొదలుపెట్టాక తిమ్మిరి చాలావరకు తగ్గింది. సుత్తి వ్యాయామం చేస్తున్నాను, మరుసటి ఉదయానికి నొప్పి అణిగిపోతోంది. వీడియో తీయిస్తే వాలుబండ గారు చెప్పినట్టే మూడో నాలుగో హోల్డు దగ్గర కుడి మోచేయి పక్కకు లేవడం కనిపించింది. ఒక్క సందేహం మిగిలింది: హంపి ప్రయాణం మానుకోవాలా?


వాలుబండ

మానుకోవద్దు, వెళ్లండి. అయితే ఏం ఎక్కాలో ఇప్పుడే నిర్ణయించుకోండి, అక్కడికి వెళ్లాక మిత్రుల ఉత్సాహంలో నిర్ణయించుకోవడం జరగని పని. ఆనెగొంది వైపు గుండ్ల మధ్య కావలసినన్ని సులువైన స్లాబులు, చేతులకు నిండుగా అందే పెద్ద అంచులు ఉన్నాయి. గుండు కింది నుంచి కూర్చుని మొదలుపెట్టే రూట్లు, అంటే సిట్ స్టార్టులు, వద్దు. వాటిలో మొదటి లాగుడే మోచేతి మీద పడుతుంది. ఒక రోజు ఎక్కితే ఒక రోజు మిత్రుల క్రాష్ ప్యాడ్లు, అంటే పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మెత్తలు, మోయండి, వాళ్లు పడుతుంటే వెనుక నిలబడి కాపు కాయండి. క్రాష్ ప్యాడ్‌ను చేత్తో వేలాడదీసి కాకుండా వీపుకు తగిలించుకుని మోయాలి సుమా. ఎండెక్కేసరికి గ్రానైటు వేడెక్కి చెమటకు వేళ్లు జారుతాయి, జారుతున్నకొద్దీ మనకు తెలియకుండానే పట్టు బిగిస్తాం. కనుక తెల్లవారి ఎనిమిదిన్నర తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం మాత్రమే ఎక్కండి.


ముంజేయి_ఫిజియో

నాదీ అదే మాట. వెళ్లే వారం రోజుల ముందు బరువులు పెంచకండి, అప్పటిదాకా చేస్తున్నదాన్నే సగానికి తగ్గించండి. సుత్తి వెంట తీసుకువెళ్లండి, ఎక్కని రోజున చేయండి. అక్కడ మొదటి రోజు ఎక్కిన తరువాత, రెండో రోజు ఉదయం మీరు బస చేసినచోట తడి తువ్వాలు ఒకటి పిండి చూడండి. నొప్పి మూడు దాటితే ఆ రోజు బూట్లు సంచిలోంచి తీయవద్దు. తిరిగి వచ్చాక కూడా వ్యాయామం మార్చి దాకా సాగాలి. జనవరిలో నొప్పి లేదు కదా అని ఆపేసి, ఫిబ్రవరిలో మళ్లీ నా దగ్గరకు వచ్చేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను.